గిటారు మీద మనోధర్మము

సిద్దిపేటలో కోమటి చెరువు కట్టకు కొంచెము దూరమున మేము నివసించు వీధి కలదు. దీపములు పెట్టు వేళకు ఆ వీధిలో రెండు వాద్యములు వినవచ్చును. ఒకటి భజన మందిరములోని హార్మోనియము. రెండవది మా యింట పిల్లలు సాధన చేయు గిటారు. ఈ రెండింటికిని పొత్తు కుదరదని చాలకాలము మేమును అనుకొంటిమి. అది పొరపాటని మాకు తెలియవచ్చినది ఒక శిష్యుని మూలమున. ఆ పొరపాటు ఎట్టిదో, దానిని ఎట్లు దిద్దుకొంటిమో శ్రోతలకు విన్నవించుటయే నేటి ప్రసంగమున మా ఉద్దేశము.

రాక్ సంగీతమనగానే పెద్దలకు ముందుగా రొద జ్ఞప్తికి వచ్చును. అయితే ఆ రొద నడుమ ఒక ఘట్టమున్నది. పాడువారు ఆగుదురు. డ్రమ్ములును, బేస్ గిటారును నడక సాగించుచుండగా ఒక గిటారు మాత్రము ముందునకు వచ్చి, కొంతసేపు తన మాట తాను చెప్పును. దానిని సోలో అందురు. కొందరు దానిని ముందే కూర్చుకొందురు. అప్పటికప్పుడు కల్పించువారును కలరు. మన కచేరీలో రాగాలాపనకు, కల్పనస్వరమునకు ఏ స్థానమున్నదో, ఆ కల్పించువారి సోలోకు ఇంచుమించు ఆ స్థానమే. మనము మనోధర్మమని పిలుచు గుణమునకు అచ్చట పరీక్ష జరుగును.

మేము చెప్పిన శిష్యుడు మా వద్దకు వచ్చునాటికి పదునేడేండ్లవాడు. శాస్త్రము తెలియదు. పాటలు విని విని, ఐదు స్వరములతో తోచినట్లు వాయించుచుండెను. తప్పులు లేకపోలేదు, అయినను వినబుద్ధి యగుచుండెను. మేము అతనికి శాస్త్రము చెప్పబూనితిమి. పాశ్చాత్యులు మోడ్‌లని పిలుచు ఏడు స్వరక్రమములు కలవు: అయోనియన్, డోరియన్, ఫ్రిజియన్, లిడియన్, మిక్సొలిడియన్, ఏయోలియన్, లోక్రియన్. గిటారు మెడ మీద ఒక్కొక్కటి ఏయే మెట్లపై పడునో పటములు గీసి యిచ్చితిమి. ఆరు మాసములలో అతడు ఏడింటిని కన్నులు మూసికొని వాయింపగలిగెను. మేము మిక్కిలి సంతోషించితిమి.

తరువాత కళాశాల వార్షికోత్సవమున అతడు సోలో వాయించెను. వ్రేళ్ళు మెరుపువలె పరుగెత్తెను. ఒక్క స్వరమును తప్పలేదు. సభలో మాత్రము కదలిక లేదు. ఇంటికి పోయిన పిదప అతని నాయనమ్మ, “మస్తు ఉరికినవు బిడ్డా, గని యాడికి పోతున్నవో సమజు కాలే” అన్నదట. మరునాడు అతడు మా వద్దకు వచ్చి, “సార్, నేర్చుకోకముందే మంచిగుండె. ఇప్పుడు చెయ్యి ఆ పటాల మీదికే పోతున్నది. ఈ థియరీని మరిచిపోవుడెట్ల?” అని అడిగెను. మేము బదులు చెప్పలేకపోతిమి. అటు తరువాత రెండు మాసములు ఆ గిటారు గోడకు వ్రేలాడుచుండెను.

ఆ రెండు మాసములలో మాకు స్పష్టమైన సంగతి యొక్కటే. ముసలమ్మ పలికినదే అసలు శాస్త్రము. మేము పిల్లవానికి బాటలన్నియు చూపితిమి గాని, ఇల్లెక్కడనో చూపలేదు. మోడ్ అనగా స్వరముల వరుస మాత్రమే కాదు. ఏ స్వరము ఇల్లో తెలిసిన వరుస. ఆ ఇంటినే మనము షడ్జమందుము.

దీనిని శ్రోతలు తమ యింటనే పరీక్షింపవచ్చును. హార్మోనియము గల చోటికి ఇద్దరు వెళ్ళవలెను. రెండేసి నల్లమెట్లు జంటగా నున్న చోట, ఆ జంటకు ఎడమ ప్రక్కనున్న తెల్లమెట్టును పాశ్చాత్యులు సి అందురు. ఒకరు ఆ మెట్టును వదలక నొక్కి పట్టవలెను. రెండవవారు తెల్లమెట్లను మాత్రమే సి మొదలుకొని వాయింపవలెను. వినవచ్చునది శంకరాభరణ మేళము. పాశ్చాత్యుల అయోనియన్ ఇదియే. ఇప్పుడు వాయించువారు ఆ తెల్లమెట్లనే వాయించుచుండగా, పట్టినవారు సి ని విడిచి, దాని ప్రక్కనున్న డి ని పట్టవలెను. ఒక్క స్వరమును మారలేదు, అయినను గదిలోని వెలుగు మారినట్లు తోచును. అది ఖరహరప్రియ, వారి డోరియన్. తరువాతి మెట్టును పట్టినచో తోడి. ఆ పిదప వరుసగా కల్యాణి, హరికాంభోజి, నటభైరవి. ఏడవ మెట్టు బి దగ్గర మాత్రము పంచమము లోపించి, రెండు మధ్యమములు పడును. కాబట్టి లోక్రియన్‌కు మన డెబ్బదిరెండు మేళకర్తలలో స్థానము లేదు.

ఇట్లు ఆధార షడ్జమును మార్చి వేరొక రాగచ్ఛాయను పుట్టించుటను మనవారు గ్రహభేదమందురు. ఇది నేటి మాట కాదు. భరతుని నాట్యశాస్త్రమున రెండు గ్రామములకు ఏడేసి మూర్ఛనలు చెప్పబడినవి; ఏడు స్వరములలో ఒక్కొక్క దానితో ఆరంభించి ఏర్పరచిన క్రమములవి. పడమట స్విట్జర్లాండు దేశీయుడగు గ్లారియానస్ 1547లో ప్రకటించిన గ్రంథమున, అంతకు పూర్వమున్న ఎనిమిది మోడ్‌లను పండ్రెండుగా విస్తరించి, అయోనియన్, ఏయోలియన్ అను పేర్లను చేర్చెను. పదునేడవ శతాబ్దమున వేంకటమఖి చతుర్దండి ప్రకాశికలో డెబ్బదిరెండు మేళములను లెక్కగట్టెను. దూరదేశముల పండితులు వేరువేరు త్రోవలలో ఇంచుమించు ఒకే బావి వద్దకు చేరిరి. అయినను ఒక హెచ్చరిక అవసరము. డోరియన్ స్వరములు ఖరహరప్రియ స్వరములే యైనను, డోరియన్ వాయించినవాడు ఖరహరప్రియ రాగము వాయించినట్లు కాదు. రాగమునకు గమకము, జీవస్వరము, సంచారము వేరుగా కలవు. మోడ్ ఇంటి గోడల వంటిది. రాగము ఆ యింట కాపురము చేయు కుటుంబము.

ఇక గిటారు సంగతి. గిటారుకు తంత్రులారు. సామాన్యముగా వానిని లావు తంత్రి నుండి సన్నతంత్రి వరకు ఇ, ఎ, డి, జి, బి, ఇ అని శ్రుతి చేయుదురు. లావు తంత్రి ఇ ని షడ్జముగా తీసికొని, ఏ మెట్టును అదుముకొనక తక్కిన తంత్రులను మీటినచో వచ్చు స్వరములేవి? శుద్ధ మధ్యమము, కైశికి నిషాదము, సాధారణ గాంధారము, పంచమము, మరల షడ్జము. అనగా శుద్ధ ధన్యాసి. చేయి వేయకమునుపే ఆ వాద్యములో శుద్ధ ధన్యాసి కూర్చుండియున్నది. రాక్ గిటారు వాయించువారు మైనరు పెంటాటానిక్ అని పిలుచుచు, మొదటి దినము నుండి తుదివరకు నమ్ముకొను ఐదు స్వరములివే. ఆ స్వరములనే జి ని షడ్జముగా భావించి వినినచో మోహనము. మా శిష్యుడు శాస్త్రము తెలియక ముందు తోచినట్లు వాయించినది ఈ ఐదు స్వరములతోనే. వాని మధ్య అతనికి తెలియకయే ఒక ఇల్లుండెను.

ఈ ఐదింటికి మరి రెండు స్వరములు చేర్చినపుడే చిక్కు మొదలగును. చతుశ్శ్రుతి రిషభమును, చతుశ్శ్రుతి ధైవతమును చేర్చినచో ఖరహరప్రియ. రిషభమును అట్లే యుంచి ధైవతమును శుద్ధము చేసినచో నటభైరవి. రెండును శుద్ధములైనచో తోడి. వీనిలో ఏది వాయింపవలెనో నిర్ణయించునది వాయించువాని ఇష్టము మాత్రమే కాదు. మన కచేరీలో తంబురా ఒక్క షడ్జ పంచమములను పట్టుకొని స్థిరముగా నుండును. రాక్ సంగీతమున తంబురాకు బదులు కార్డులుండును. కార్డు అనగా మూడు నాలుగు స్వరములను ఒక్కమారుగా పలికించు స్వరగుచ్ఛము. అవి కదలుచుండును. ఆ కదలికలో ఏ స్వరము దాగియున్నదో చెవి కనిపెట్టవలెను.

రెండు ఉదాహరణములు చాలును. మెక్సికోలో జన్మించిన కార్లోస్ సాంటానా 1970లో ‘అబ్రాక్సస్’ అను రికార్డులో ‘ఓయే కోమో వా’ అను పాటను వాయించెను. ఆ పాట ముఖ్యముగా రెండు కార్డుల మీదనే నడచును: ఎ మైనరు, డి. ఎ ని షడ్జమనుకొన్నచో, డి కార్డు నడుమ చతుశ్శ్రుతి ధైవతము ఉన్నది. కావున సోలో వాయించువాడు శుద్ధ ధైవతము మీద నిలిచినచో, క్రింది కార్డులోని ధైవతము దానితో కలహించును. అందుచే ఆ పాటకు డోరియన్ ఒదుగును. ఇక జిమి హెండ్రిక్స్ 1968లో ప్రకటించిన ‘ఆల్ అలాంగ్ ది వాచ్‌టవర్’ చూడుడు. అందు షడ్జము మీద మైనరు కార్డు, తరువాత కైశికి నిషాదము మీద నొకటి, శుద్ధ ధైవతము మీద నొకటి వచ్చును. అచ్చట శుద్ధ ధైవతమే గృహస్థు. చతుశ్శ్రుతి ధైవతము అతిథి. రెండు పాటలకును శుద్ధ ధన్యాసి స్వరములైదును చెల్లును. భేదమంతయు ఒక్క ధైవతమున నున్నది. ఈ ఒక్క ధైవతమును చెవితో గుర్తింపగలిగిన పిల్లవానికి, ఏడు పటములు కంఠస్థమైనవానికంటె ఎక్కువ శాస్త్రము తెలిసినట్లు.

పటములను వల్లించుట చాలదను సంగతి పడమటివారును తెలిసికొనిరి. అమెరికాలో జాజ్ సంగీతకారులు ఒక కాలమున మిక్కిలి వడిగా మారు కార్డుల వెంట పరుగెత్తెడివారు. 1959లో మైల్స్ డేవిస్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’ అను రికార్డు చేసెను. అందు ‘సో వాట్’ అను రచనలో పదునారు కొలతలు డి డోరియన్‌లోనే నిలిచి, ఎనిమిది కొలతలు అర మెట్టు పైనున్న డోరియన్‌కు పోయి, మరల ఎనిమిది కొలతలకు మొదటి యింటికి వచ్చును. ఒక్కచోట నిలుచుటకు తీరిక దొరకగానే, ఏమి పలుకవలెనను ప్రశ్న ముందునకు వచ్చినది. పరుగెత్తువానికి ఆ ప్రశ్న లేదు, నిలిచినవానికే కలదు.

ఆ డేవిస్‌తో 1969లో వాయించిన ఆంగ్లేయ గిటారు విద్వాంసుడు జాన్ మెక్‌లాఫ్లిన్. ఆయన అమెరికాలో డాక్టర్ ఎస్. రామనాథన్‌గారి వద్ద వీణ నేర్చుకొని, తరువాత శక్తి అను బృందమును నెలకొల్పెను. గమకము పలుకుటకై తంత్రి ఎక్కువగా లాగుటకు వీలగునట్లు, మెట్ల నడుమ చెక్కను తొలిపించిన గిటారును చేయించుకొనెను. ఆ శక్తి బృందము తిరిగి కూడినపుడు, మెక్‌లాఫ్లిన్ ప్రక్కన కూర్చుండి ఎలక్ట్రిక్ మాండలిన్ వాయించినవాడు మన తెలుగు బిడ్డ, పాలకొల్లున 1969లో జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్.

మాండలిన్ శ్రీనివాస్ కథలో మా ప్రశ్నకు సమాధానము దొరకినది. ఆయనకు గురువు రుద్రరాజు సుబ్బరాజుగారు, చెంబై వైద్యనాథ భాగవతుల శిష్యులు. సుబ్బరాజుగారికి మాండలిన్ వాయించుట రాదు. ఆయన పాడెడివారు, బాలుడు ఆ పాటను విని మాండలిన్ మీద పలికించెడివాడు. పటము లేదు, వ్రేళ్ళ గుర్తులు లేవు. గురువు కంఠమునుండి శిష్యుని చెవికి, చెవినుండి చేతికి. 1978లో గుడివాడలో త్యాగరాజోత్సవమున తొలి కచేరీ చేయునాటికి ఆ బాలునికి తొమ్మిదేండ్లు. జంట తంత్రులెనిమిది గల విదేశీ వాద్యమును ఐదు ఒంటి తంత్రుల వాద్యముగా మార్చికొని, దానిపై మన గమకములను పలికించెను. 2014లో, నలుబదియైదేండ్ల వయసున, ఆయన కన్నుమూయుట సంగీతలోకమునకు తీరని లోటు. వయొలిన్ కూడ ఒకనాడు పరదేశియే. విజయనగరమున ద్వారం వెంకటస్వామి నాయుడుగారి చేతిలో అది మన యింటి బిడ్డయైనది. వాద్యము పుట్టిన దేశము అడ్డు కాదు. చెవి ముందా, చేయి ముందా అనునదే ప్రశ్న.

ఇంత దూరము పోనక్కరలేదు కూడ. మా జిల్లాలోని కొమురవెల్లి మల్లన్న జాతరకు పోయినవారు ఒగ్గు కథ వినియేయుందురు. కథకునికి మల్లన్న కథాక్రమము కంఠస్థము. ఎచ్చట పెండ్లి, ఎచ్చట యుద్ధము, ఎచ్చట వంతవారు అందుకొందురో అతనికి తెలియును. అయినను ఈ రాత్రి చెప్పిన మాటలు నిన్నటి రాత్రివి కావు. ఎదుట కూర్చున్నవారిని చూచి ఒకచోట పెంచును, ఒకచోట త్రుంచును. ఎంత దూరము పోయినను డోలు దెబ్బకు కథలోనికి వచ్చి చేరును. క్రమము తెలియుటచేతనే అతనికి ఆ స్వేచ్ఛ. క్రమమును మరచినవాడు స్వేచ్ఛగా తిరుగడు, దారి తప్పును. శాస్త్రమును మరచుటెట్లని అడిగిన మా శిష్యునికి ఇదియే మేము చెప్పిన బదులు. మరువవలదు నాయనా, కంటినుండి చెవిలోనికి దింపుకొనుము అంటిమి.

ఆ దింపుట యెట్లో కూడ చెప్పవలెను గదా. గోడ మీది గిటారును దింపించి, పటములను పెట్టెలో పెట్టించితిమి. మొదటి నెల లావు తంత్రి ఒక్కటే తంబురా. దానిని మీటి, అది మ్రోగుచుండగా ఒక్కొక్క స్వరమును దానితో చేర్చి వినవలెను. గాంధారము దానితో నేమనుచున్నది? నిషాదము ఎచ్చటికి పోగోరుచున్నది? ప్రతి స్వరమునకును షడ్జముతో ఒక బంధుత్వమున్నది. దానిని పేరుపెట్టి పిలువగలిగినంతవరకు ముందునకు పోరాదు.

రెండవ నెల, నోటితో పాడని దానిని వాయింపరాదని నియమము. రెండు మూడు స్వరముల చిన్న పలుకు పాడవలెను. తరువాతనే వ్రేళ్ళతో వెదకవలెను. కంఠము బాగుండనక్కరలేదు. పాడువాడు ఊపిరి తీయక తప్పదు. కాబట్టి అతని పలుకునకు తుది యుండును. వ్రేళ్ళకు ఊపిరి లేదు. అందుచేతనే అవి ఆగక పరుగెత్తును.

మూడవ నెల కార్డులు. స్నేహితుడొకడు రెండు కార్డులను మార్చి మార్చి వాయించుచుండగా, కార్డు మారు క్షణమున ఆ కార్డులోని స్వరమొకదాని మీదికి వచ్చి దిగవలెను. నడుమ ఎంత తిరిగినను సరే. కల్పనస్వరము పాడు విద్వాంసుడు లెక్క తప్పక ఎడుపునకు వచ్చి చేరునపుడు సభ తల యూపును గదా, ఆ సుఖమే ఇచ్చటను. చివరకు తంత్రిని లాగుట నేర్పితిమి. సాధారణ గాంధారమును వాయించి, తంత్రిని కొంచెము ప్రక్కకు లాగినచో, అది అంతర గాంధారమునకు చేరక నడిమధ్య నొకచోట నిలుచును. ఆఫ్రికన్ అమెరికనుల బ్లూస్ గానమునకు, దానినుండి పుట్టిన రాక్‌కు ప్రాణము ఆ నడిమి గాంధారము. దానికి మెట్టు లేదు, ఏ పటములోను లేదు. చెవి చెప్పిన చోట చేయి ఆగవలెను, అంతే.

ఇన్ని చేసిన తరువాత మా శిష్యుడు గొప్ప విద్వాంసుడయ్యెనని చెప్పుటకు మాకు నోరు రాదు. ఇప్పటికిని అతని వ్రేళ్ళు అప్పుడప్పుడు పాత పటముల వెంట పరుగెత్తుచునే యున్నవి. అయితే మొన్న నొక సాయంకాలము భజన మందిరములో హార్మోనియము వాయించు పెద్దాయనను బ్రతిమాలి, రెండు తెల్లమెట్లను మార్చి మార్చి పట్టి యుండుమని కోరి, తాను గిటారుతో ప్రక్కన కూర్చుండెను. మేము వెనుక నిలిచి వింటిమి. చాలసేపు ఐదు స్వరములతోనే తిరిగెను. ఒకచోట ధైవతము మీదికి పోయి, వెనుకకు తగ్గి, ఊరకుండెను. హార్మోనియము మెట్టు మారువరకు వేచియుండి, మరల ఆ ధైవతము మీదికే పోయి ఈసారి నిలిచెను. పెద్దాయన కన్నులెత్తి చూచి, “ఆఁ!” అనెను. మునుపు సభలో అతడు వాయించిన వందల స్వరములకు రాని మాట, ఈ ఒక్క స్వరమునకు వచ్చినది.

పిల్లలకు గిటారు కొనియిచ్చిన తల్లిదండ్రులకు మా మనవి యొక్కటే. పిల్లలు ఎంత వడిగా వాయించుచున్నారని చూడక, వాయించు ముందు పాడుచున్నారా, నడుమ ఆగుచున్నారా అని చూడుడు. శాస్త్రము నేర్పుచున్న మావంటివారికి కూడ ఒక మాట. బాటలు చూపుటకు ముందు ఇల్లు చూపుదము. ఇల్లు తెలిసినవాడు ఎంత దూరము పోయినను భయము లేదు. సెలవు.